ఇంట్లో రీఫ్ ట్యాంక్: చాకిరీ తక్కువగా ఉండేలా ప్లాన్ చేసుకోవడం ఎలా?

రీఫ్ ట్యాంక్, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం, పెట్టాలనుకునేవాళ్లు సాధారణంగా ముందు లైట్ల గురించి, స్కిమ్మర్ (నీటిలోని మలినాలను నురగతో బయటికి లాగే పరికరం) గురించి అడుగుతారు. వాటికంటే ముందు మీకు మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. రోజుకు పది నిమిషాలు, రెండు వారాలకోసారి గంటన్నర, ఇంతకు మించి ఈ ట్యాంక్‌కి సమయం ఇవ్వలేను అనుకుంటే, అందులో ఏం బతుకుతాయి? దీనికి జవాబు నీళ్లు పోయకముందే తేలాలి. తర్వాత ఎంత ఖరీదైన సామాను కొన్నా, ఎక్కువ సేవ కోరే జీవాలను తెచ్చుకుంటే చాకిరీ తగ్గదు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక మామూలు ఫ్లాట్‌ని మనసులో పెట్టుకుని ఈ ప్లాన్ రాస్తున్నాను.

1. ఏం పెంచాలో ముందు తేల్చుకోండి

మన దేశంలో దీన్ని చాలావరకు చట్టమే తేల్చేసింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో 2001లో గట్టి అస్థిపంజరం కట్టే పగడాలన్నిటినీ చేర్చారు. నల్ల పగడాలు, ఫైర్ కోరల్, ఆర్గాన్ పైప్ కోరల్, సీ ఫ్యాన్‌లు కూడా అందులో ఉన్నాయి. సముద్రపు గుర్రాలకూ రక్షణ ఉంది. అంటే అక్రోపోరా, బ్రెయిన్ కోరల్, హ్యామర్, టార్చ్ లాంటి హార్డ్ కోరల్స్ మీ ఇంట్లో ఉండకూడదు. అమ్మేవాళ్లు ‘విదేశం నుంచి వచ్చిన మాల్, ఏం కాదు’ అన్నా నమ్మి కొనొద్దు. లక్షద్వీప్, అండమాన్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖల్లోని పగడపు దిబ్బలు ఇప్పటికే సముద్రం వేడెక్కి తెల్లబారుతున్నాయి. మన హాలు అందం కోసం అక్కడినుంచి ఒక్క ముక్క కూడా విరగకూడదు.

దీని గురించి బాధపడాల్సిన పని లేదు. తక్కువ చాకిరీతో బతికేవి గట్టి అస్థిపంజరం కట్టని సాఫ్ట్ కోరల్సే. హార్డ్ కోరల్స్ అస్థిపంజరం కట్టుకోవడానికి నీళ్లలోంచి కాల్షియం, ఆల్కలినిటీ (నీటిలోని కార్బొనేట్ల పాలు) లాగేస్తుంటాయి. వాటిని రోజూ కొలుస్తూ, రోజూ కలుపుతూ ఉండాలి. సాఫ్ట్ కోరల్స్‌తో ఆ బాధ దాదాపు ఉండదు. మామూలుగా నీళ్లు మార్చడంతోనే సరిపోతుంది.

మొదలుపెట్టడానికి ఇవి చాలు: జువాంథిడ్స్, మష్రూమ్స్, టోడ్‌స్టూల్ లెదర్, గ్రీన్ స్టార్ పాలిప్స్, కెన్యా ట్రీ. వీటిలో నాకు బాగా ఇష్టమైనది టోడ్‌స్టూల్. పేరుకు తగ్గట్టే పుట్టగొడుగు ఆకారం, మీద వందలకొద్దీ సన్నని పాలిప్స్ (పువ్వుల్లాంటి చిన్న పగడపు జీవులు), నీటి ప్రవాహానికి అన్నీ ఒకే దిక్కుకు ఊగుతుంటాయి. అప్పుడప్పుడు కొన్ని రోజులపాటు ముడుచుకుపోయి, మైనం పూసినట్టు మెరిసి, పైపొరను వదిలేసి మళ్లీ విచ్చుకుంటుంది. కొత్తవాళ్లు దాన్ని చూసి చచ్చిపోతోందని టెన్షన్ పడతారు. కంగారుపడి జరపకండి, దాని పని అది చేసుకుంటుంది.

జీనియా చూడటానికి ఎంత బాగున్నా, నచ్చిన చోట ట్యాంక్ మొత్తం ఆక్రమించేస్తుంది. గ్రీన్ స్టార్ కూడా అంతే. ఈ రెండింటినీ ప్రధాన రాళ్లకు తగలకుండా, ఇసుక మధ్య విడి రాయి మీద పెట్టండి.

2. సైజు, చోటు

చిన్న ట్యాంక్‌తో పని తక్కువ అనేది పెద్ద అపోహ. 40 లీటర్ల ట్యాంక్‌లో ఒక లీటరు నీరు ఆవిరైనా ఉప్పు శాతం మారిపోతుంది, మధ్యాహ్నం ఎండకు గంటలో వేడెక్కుతుంది. మరీ పెద్దదైతే నీళ్లు మోయలేం. 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న ట్యాంక్ మధ్యేమార్గం. అంచుల దాకా లెక్కేస్తే 190 లీటర్లు. పైన ఖాళీ, రాళ్లు, ఇసుక తీసేసి, కింద ఫిల్టర్ సామాను పెట్టే 2 అడుగుల తొట్టి, అంటే సంప్‌లో నీళ్లు కలుపుకుంటే మొత్తం సుమారు 180 లీటర్లు. ఇకపై చెప్పే లెక్కలన్నీ ఈ 180 మీదే.

గాజు, నీళ్లు, రాళ్లు, స్టాండ్ అన్నీ కలిపి బరువు 300 కిలోలు దాటుతుంది. గోడ వారగా, బీమ్‌కి దగ్గరగా పెట్టండి. స్టాండ్ అడుగుభాగం సమంగా ఉందో లేదో తాపీమేస్త్రి వాడే లెవెల్‌తో చూడండి. కిటికీ ఎండ పడే చోటు, పడమటి ఎండకు కాగే గోడ, వంటగది పక్క చోటు వద్దు. రెండడుగులు వేస్తే అందే దూరంలో నీళ్లు పట్టుకునే పంపు గానీ బాత్‌రూమ్ గానీ ఉంటే మీ నడుము చాలాకాలం బాగుంటుంది.

3. నీళ్లు: ఇక్కడ రాజీ పడొద్దు

విశాఖలో, కాకినాడలో ఉన్నవాళ్లు సముద్రం పక్కనే ఉంది కదా, క్యాన్లతో నీళ్లు తెచ్చుకుందాం అనుకుంటారు. తీరం దగ్గరి నీళ్లలో మురుగు, డీజిల్, ఒండ్రు కలుస్తాయి. పైగా వానాకాలంలో నదుల వరద కలిసి బంగాళాఖాతం తీరంలో ఉప్పు శాతం బాగా పడిపోతుంది. పగడాలకు కావాల్సింది ఏడాది పొడవునా మారని నీరు. అందుకే మంచినీళ్లలో రీఫ్ సాల్ట్ కలుపుకోవడమే దారి. వంటింటి కల్లుప్పు దీనికి పనికిరాదు. రీఫ్ సాల్ట్‌లో కాల్షియం, మెగ్నీషియం, ఇంకా అనేక ఖనిజాలు సముద్రంలో ఉండే పాళ్లలో ఉంటాయి.

ఏ మంచినీళ్లు? బోరు నీళ్లు వద్దు, మున్సిపల్ నీళ్లు వద్దు, 20 లీటర్ల వాటర్ క్యాన్ కూడా వద్దు. ఇంట్లో తాగే ఆర్ఓ నీళ్లలో కూడా రుచి కోసం కొన్ని ఖనిజాలు వదులుతారు. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ పెట్టి చూస్తే 50, 80 అని చూపిస్తుంది. మనకు సున్నా కావాలి. ఆర్ఓ తర్వాత, మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెజిన్ ఉన్న ఆర్ఓడీఐ యూనిట్ పెట్టుకోండి. బోరు నీళ్లలో టీడీఎస్ ఎక్కువగా ఉన్న ఇళ్లలో రెజిన్ త్వరగా అయిపోతుంది, కాబట్టి ముందున్న మెంబ్రేన్ బాగా పనిచేయాలి. ఈ ఒక్క సామాను తగ్గించినంత చాకిరీ ఇంకేదీ తగ్గించదు. ట్యాంకుల్లో పాచి గొడవలు చాలావరకు ఆవిరైన నీటికి బదులు పోసే చెడ్డ టాప్ అప్ నీళ్లతోనే మొదలవుతాయి.

లీటరుకు సుమారు 38 గ్రాముల ఉప్పు పడుతుంది. 180 లీటర్లకు 7 కిలోలకు కాస్త దగ్గరగా. ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు పోసి, చిన్న పంపు వేసి, ఉప్పు కొద్దికొద్దిగా కలపండి. రిఫ్రాక్టోమీటర్‌తో (ఉప్పు శాతం కొలిచే పరికరం) చూస్తే 35 పీపీటీ (వెయ్యి పాళ్లకు 35 పాళ్ల ఉప్పు), అంటే సాపేక్ష సాంద్రత 1.026 దగ్గర ఉండాలి. రిఫ్రాక్టోమీటర్‌ని 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రావణంతోనే సరిచూసుకోండి, మంచినీళ్లతో సరిచూస్తే తేడా రావచ్చు.

ముఖ్యమైన సంగతి ఇంకొకటి. రాగి బిందె, ఇత్తడి చెంబు ట్యాంక్ నీళ్లకు దగ్గరకు కూడా రానివ్వకండి. అతి కొద్ది రాగి కరిగినా రొయ్యలు, నత్తలు, పగడాలు చచ్చిపోతాయి. ఈ పనికి బకెట్, మగ్గు, పైపు విడిగా పెట్టి, ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

4. వేడి, కరెంటు

పుస్తకాల్లో హీటర్ గురించి ఎక్కువ రాస్తారు. మన దగ్గర అసలు శత్రువు ఏప్రిల్, మే నెలలు. ట్యాంక్ 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. 29 దాటి రోజుల తరబడి ఉంటే పగడాలు ముడుచుకుంటాయి, నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది.

హైదరాబాద్, కర్నూలు, వరంగల్ లాంటి చోట్ల వేసవి గాలి పొడిగా ఉంటుంది. నీటి ఉపరితలం మీదకు రెండు చిన్న ఫ్యాన్లు తిప్పితే నీరు ఆవిరవుతూ రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కుండలో నీళ్లు చల్లబడినట్టే ఇదీ. థర్మోస్టాట్ ప్లగ్ పెడితే 27 దాటగానే ఫ్యాన్లు వాటంతట అవే తిరుగుతాయి. విశాఖ, కాకినాడ, నెల్లూరు వైపు గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి ఫ్యాన్లు అంతగా పనిచేయవు. అక్కడ చిల్లర్ తప్పదు, లేదా పగలంతా ఏసీ నడిచే గదిలో ట్యాంక్ ఉండాలి. చిల్లర్ ఖరీదు ట్యాంక్ ఖరీదును మించిపోవచ్చు, కాబట్టి బడ్జెట్‌లో దాన్ని మొదటి రోజే రాసుకోండి. వేడిగాలి బయటికి వదిలే యంత్రం అది, స్టాండ్ లోపల మూసిపెట్టకూడదు.

ట్యాంక్ మీద గాజు మూత వద్దు, సన్నని వల మూత పెట్టండి. వేడి బయటికి పోతుంది, ఎగిరే చేపలు నేల మీద పడవు. డిసెంబరు, జనవరి రాత్రుల కోసం 150 లేదా 200 వాట్ల హీటర్ ఒకటి 25 డిగ్రీలకు పెట్టి ఉంచితే చాలు.

ఫ్యాన్లు తిరిగితే నీరు ఆవిరవుతుంది, ఉప్పు మాత్రం ట్యాంక్‌లోనే మిగిలిపోతుంది. వేసవిలో ఈ సైజుకి రోజుకు 5 లీటర్ల దాకా పోవచ్చు. మీరు నాలుగు రోజులు ఊరెళ్తే 20 లీటర్లు. 180 లీటర్లలో 20 పోతే 35 పీపీటీ కాస్తా 39 దాటుతుంది. అందుకే ఆటో టాప్ అప్ అనే చిన్న పరికరం తప్పనిసరి. సంప్‌లో నీటి మట్టం తగ్గగానే పక్కనున్న క్యాన్‌లోంచి ఆర్ఓడీఐ నీటిని పోస్తుంది. క్యాన్‌లో ఉప్పు నీళ్లు పోయకండి, ఆవిరైంది మంచినీరే కదా. క్యాన్ 25 లీటర్లకు మించనివ్వకండి. సెన్సర్ ఇరుక్కుని మొత్తం పోసేసినా 180 లీటర్ల ట్యాంక్ తట్టుకోగలగాలి.

కరెంటు పోతే ముందు తగ్గేది ఆక్సిజన్. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ట్యాంక్ నీటిని తిప్పే వేవ్ మేకర్, సంప్ నీటిని పైకి పంపే రిటర్న్ పంపు రెండింటినీ ఆ లైన్‌కి కలపండి. అవి లాగేది కొద్ది వాట్లే. లైట్లు, హీటర్, చిల్లర్ ఇన్వర్టర్ మీద వద్దు. ఇన్వర్టర్ లేకపోతే బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి కొని ఛార్జ్ చేసి పెట్టుకోండి. ప్లగ్ దాకా వెళ్లే ప్రతి వైరూ ప్లగ్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లాలి, అప్పుడు వైరు మీదుగా జారే నీటి చుక్క ప్లగ్‌లోకి వెళ్లకుండా కింద పడిపోతుంది. ఆ బోర్డుకు షాక్ కొడితే ట్రిప్ అయ్యే ఆర్‌సీసీబీ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని అడిగి చూసుకోండి.

5. మిగతా సామాను

సాఫ్ట్ కోరల్స్‌కి మధ్యస్థంగా ఉండే రీఫ్ ఎల్‌ఈడీ సరిపోతుంది, టైమర్ మీద రోజుకు 8 గంటలు. ఆఫీసు నుంచి వచ్చాక చూసుకోవాలంటే మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10 దాకా పెట్టండి. ట్యాంక్ సైజుకి తగ్గ స్కిమ్మర్, దిశ మారుస్తూ నీటిని తిప్పే వేవ్ మేకర్ ఒకటి, రిటర్న్ పంపు. టెస్ట్ కిట్లు: అమోనియా, నైట్రైట్, నైట్రేట్, ఫాస్ఫేట్, ఆల్కలినిటీ. కాల్షియం రియాక్టర్, డోసింగ్ పంపులు, రకరకాల మందు సీసాలు ఈ ట్యాంక్‌కి అక్కర్లేదు.

6. ఉప్పు కలపకముందు ఒక పరీక్ష

ట్యాంక్, సంప్, పైపులు అన్నీ బిగించాక మామూలు నీళ్లతో నింపి రెండు రోజులు నడపండి. ఆ తర్వాత చేతులారా మెయిన్ స్విచ్ ఆపండి. రిటర్న్ పంపు ఆగగానే పైనున్న నీళ్లు సంప్‌లోకి దిగడం మొదలవుతుంది. మీ ట్యాంక్‌లో ఒక్క అంగుళం మట్టం దిగితే 10 లీటర్ల పైమాటే. సంప్‌లో అంత ఖాళీ ఉందా? సంప్ పొంగబోతోందంటే రిటర్న్ పైపు మూతి నీటిలో మరీ లోతుగా మునిగి ఉందన్నమాట. దాన్ని నీటి ఉపరితలం దగ్గరికి జరిపితే గాలి పీల్చుకుని వెనక్కి లాగడం ఆగిపోతుంది. నీళ్లు దిగడం పూర్తిగా ఆగిన చోట సంప్ గోడ మీద మార్కర్‌తో ఒక గీత గీయండి. మళ్లీ పంపు ఆన్ చేసి, మట్టం నిలకడయ్యాక ఇంకో గీత. ఇకపై పంపు నడుస్తున్నప్పుడు నీళ్లు ఈ రెండో గీత దాటకూడదు. అర్ధరాత్రి కరెంటు పోయినా హాల్లో వరద రాదు.

7. రాళ్లు, సైక్లింగ్

బ్యాక్టీరియా, చిన్న జీవాలతో సహా సముద్రం నుంచి తీసిన లైవ్ రాక్ వద్దు, అందులో చాలావరకు పగడాల అస్థిపంజరాలే ఉంటాయి. సిరామిక్ రీఫ్ రాక్ వాడండి. 15 కిలోలు ఎక్కువే. గోడకు ఆనించి కుప్పగా పోయకుండా, రెండు దిబ్బలుగా, మధ్యలో దారి వదిలి కట్టండి. నాలుగు వైపులా అద్దానికీ రాయికీ మధ్య మీ చేయి పట్టాలి, లేకపోతే అద్దం తుడవడమే పెద్ద పనైపోతుంది. ఇసుక అంగుళం మందం చాలు.

ఇప్పుడు సైక్లింగ్, అంటే ట్యాంక్‌లో మంచి బ్యాక్టీరియాను పెంచడం. ఉప్పు నీళ్లు పోసి, సీసాలో దొరికే బ్యాక్టీరియా వేసి, అమోనియా 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) వచ్చేలా అమోనియం క్లోరైడ్ వేయండి. ఒక రకం బ్యాక్టీరియా అమోనియాని నైట్రైట్‌గా, మరో రకం నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. వేసిన 2 పీపీఎం అమోనియా 24 గంటల్లో సున్నాకి రావాలి, నైట్రైట్ కూడా సున్నా కావాలి. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా చేపలు వేయకండి.

తర్వాత గోధుమరంగు పొర వస్తుంది, అది పోయాక జుట్టులాంటి ఆకుపచ్చ పాచి వస్తుంది. కొత్త ట్యాంకులన్నిటికీ ఇది తప్పదు. మందులు వేయొద్దు. చేత్తో పీకండి, లైట్ కాస్త తగ్గించండి, నత్తలను దించండి.

8. చేపలు: నాలుగు చాలు

ఒక జత క్లౌన్ ఫిష్‌తో మొదలుపెట్టండి. హేచరీలో పుట్టిన వాటినే అడిగి తీసుకోండి. కేరళలోని విళింజంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) శాస్త్రవేత్తలు క్లౌన్ ఫిష్ పిల్లలను హేచరీలో పెంచే పద్ధతిని ఎప్పుడో రూపొందించారు, కాబట్టి సముద్రంలోంచి పట్టినవి కొనాల్సిన అవసరం లేదు. హేచరీ పిల్లలు మేతకు వెంటనే అలవాటు పడతాయి, జబ్బులూ తక్కువ. వాటికి గూడుగా అనిమోన్ (పువ్వులా కనిపించే సముద్ర జీవి) ఉండాలని లేదు. అనిమోన్ ట్యాంకంతా తిరుగుతూ వేవ్ మేకర్‌లో పడి చితికితే మొత్తం నీళ్లు పాడవుతాయి. చాలాసార్లు క్లౌన్‌లు టోడ్‌స్టూల్‌నే తమ గూడు చేసుకుంటాయి.

తర్వాత ఒక వాచ్‌మన్ గోబీ, ఒక చిన్న బ్లెన్నీ. గోబీతో పాటు పిస్టల్ రొయ్యను తెస్తే, రొయ్య ఇసుకలో బొరియ తవ్వుతూ ఉంటుంది, చూపు సరిగా లేని దానికి గోబీ కాపలా కాస్తుంది. రొయ్య తన మీసం ఎప్పుడూ గోబీ తోకకు ఆనించి ఉంచుతుంది, గోబీ తోక ఆడిస్తే చటుక్కున లోపలికి. గంటలసేపు చూడొచ్చు. పది పన్నెండు ట్రోకస్, నసేరియస్ నత్తలు, ఒక క్లీనర్ రొయ్య ఉంటే పాచి, మిగిలిన మేత సంగతి చాలావరకు అవే చూసుకుంటాయి.

బ్లూ ట్యాంగ్ వద్దు, అది అడుగు దాకా పెరుగుతుంది. మాండరిన్ కూడా వద్దు, సన్నని బతికున్న పురుగులే దాని తిండి, కొత్త ట్యాంక్‌లో అవి సరిపడా ఉండవు.

ప్రతి చేపనూ విడి ట్యాంక్‌లో నాలుగు వారాలు ఉంచి చూశాకే లోపలికి దించండి. తెల్ల చుక్కల జబ్బుకు వాడే రాగి మందు రీఫ్ ట్యాంక్‌లో వేయలేం. లోపలికి జబ్బు వస్తే చేపలన్నిటినీ బయటికి తీసి, ట్యాంక్‌ని రెండు నెలలకు పైగా చేపల్లేకుండా ఉంచాల్సి వస్తుంది.

9. పగడాలు దించడం

చేపలు కుదురుకున్నాక, ఒక్కోసారి ఒకటి రెండు మాత్రమే. తెచ్చిన ముక్కను కోరల్ డిప్‌లో సీసా మీద చెప్పినంతసేపు ముంచి, పురుగులు రాలాక, ముందు కింద ఇసుక మీద పెట్టండి. వారం తర్వాత కావాలంటే పైకి జరపండి. మష్రూమ్స్‌కి నీడ, మెల్లని ప్రవాహం ఇష్టం. టోడ్‌స్టూల్‌కి చుట్టూ అరడుగు ఖాళీ ఉండాలి. లెదర్ కోరల్స్ పక్కవాటిని అణచడానికి నీళ్లలోకి రసాయనాలు వదులుతాయి, అందుకే సంప్‌లో కాస్త యాక్టివేటెడ్ కార్బన్ సంచి వేసి నెలకోసారి మార్చండి.

ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. కొన్ని జువాంథిడ్స్, వాటి బంధువులైన పాలిథోవాల్లో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. వాటిని పట్టుకునేటప్పుడు చేతికి గ్లవ్స్, కోసేటప్పుడు కళ్లకు అద్దాలు తప్పనిసరి. అవి అంటుకున్న రాయిని వేడినీళ్లలో వేయడం, మరిగించడం, బ్రష్‌తో రుద్దడం ఎప్పుడూ చేయకూడదు. ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైన కుటుంబాలున్నాయి. పిల్లలను ట్యాంక్‌లో చేతులు పెట్టనివ్వకండి.

10. రోజువారీ, పక్షానికోసారి

రోజూ: కొద్దిగా మేత, థర్మామీటర్ మీద ఒక చూపు, చేపలన్నీ కనిపిస్తున్నాయా లేదా. వారానికోసారి: అద్దం తుడవడం, స్కిమ్మర్ కప్పు కడగడం, టాప్ అప్ క్యాన్ నింపడం (వేసవిలో నాలుగు రోజులకోసారి), ఉప్పు శాతం, ఆల్కలినిటీ చూడటం. రెండు వారాలకోసారి: 18 లీటర్లు తీసి, ముందురోజు కలిపిపెట్టిన 18 లీటర్లు పోయడం. ఆల్కలినిటీ 8, 9 డీకేహెచ్ (దాని కొలత) మధ్య నిలకడగా ఉంటే ఇంకేమీ కలపనక్కర్లేదు. నైట్రేట్ 5 నుంచి 15 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 పీపీఎం ఉంటే మంచిదే. సున్నాకి తేవాలని పట్టుపట్టకండి. సాఫ్ట్ కోరల్స్‌కి నీళ్లలో కాస్త పోషకాలుండాలి, మరీ సున్నా అయితే డైనోఫ్లాజెలేట్లు అనే సూక్ష్మజీవుల జిగురు పట్టుకుంటుంది, దాన్ని వదిలించడం పాచి కంటే కష్టం.

ఇంట్లో బొద్దింకల మందు కొట్టించేరోజు, రంగులు వేయించేరోజు ట్యాంక్‌ని తడిబట్టతో కప్పి, కిటికీలు తెరిచి, కార్బన్ కొత్తది వేయండి. దోమల స్ప్రే, రూమ్ ఫ్రెషనర్ ఆ గదిలో వాడొద్దు. చేతికి సబ్బు, లోషన్ ఉంటే బాగా కడిగాకే నీళ్లలో పెట్టండి.

ఊరెళ్లేటప్పుడు మూడు నాలుగు రోజులైతే మేత వేయకపోయినా ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలకు ఏమీ కాదు. వారం దాటితే రోజుకొక పొట్లం చొప్పున కొలిచి కట్టి, తేదీ రాసి, పక్కింటివాళ్లకు ఇవ్వండి. మేత డబ్బా మాత్రం ఇవ్వకండి, చేపలు ఆకలిగా చూస్తున్నాయని జాలిపడి గుప్పెడు వేసేస్తారు. టాప్ అప్ క్యాన్ ఎలా నింపాలో ఒకసారి చేసి చూపించి, ట్యాంక్ పక్కన మీ నంబరు, 29 డిగ్రీలు దాటితే ఏ ఫ్యాన్ వేయాలో, సంప్‌లో నీళ్లు ఏ గీత దాటకూడదో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి.